టీచరమ్మ జవాబులు: అటక మీద దొరికిన బైబిలు

ప్రశ్న: టీచరమ్మగారికి వందనాలు. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. మొన్న వేసవిలో ఇల్లు రిపేరు చేయిస్తూ అటక ఖాళీ చేస్తే ఇత్తడి బిందెల వెనక మా నాయనమ్మ బైబిలు దొరికింది. పాత నేతచీర ముక్కలో చుట్టి ఉంది. అట్టను చెదలు తిన్నాయి గానీ లోపల పేజీలు బాగానే ఉన్నాయి. అంచుల్లో పెన్సిల్ గీతలు, అక్కడక్కడ తేదీలు. నాయనమ్మ పోయి ఇరవై రెండేళ్లు. మేం ప్రతి ఆదివారం గుడికి వెళ్తాం, కానుక వేస్తాం, ఇంట్లో నాలుగు బైబిళ్లున్నాయి. అయినా దీన్ని చేతిలోకి తీసుకోగానే ఏడుపొచ్చింది. ఆ రాత్రే ఆదికాండం నుంచి మొదలుపెట్టి, లేవీయకాండంలో కుష్ఠు, గోడల బూజు దగ్గర ఆగిపోయాను. మా పాస్టరుగారు యోషీయా రాజు కథ చెప్పి "మీ ఇంట్లోనూ ఉజ్జీవం వస్తుందమ్మా, భక్తి మళ్లీ రగులుకుంటుంది" అన్నారు. ఏడుపైతే వచ్చింది, ఉజ్జీవం రాలేదు. లోపం నాలోనే ఉందా?

జవాబు: అమ్మా, లేవీయకాండంలో ఆగిపోయిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. కాబట్టి ఆ సంగతి వదిలెయ్.

యోషీయా కథ మన ప్రసంగాల్లో రెండు నిమిషాల్లో ముగుస్తుంది. పుస్తకం దొరికింది, రాజు ఏడ్చాడు, దేశం బాగుపడింది. రెండవ రాజులు 22వ అధ్యాయం తీసి నిదానంగా చదువు, అంత సాఫీగా ఏం జరగలేదు. యోషీయా ఎనిమిదేళ్లప్పుడు యూదా దేశానికి రాజయ్యాడు. ఈ సంగతి జరిగింది ఏలుబడి పద్దెనిమిదో ఏట, అంటే ఇరవై ఆరేళ్ల కుర్రాడు. క్రీస్తుకు పూర్వం 622 ప్రాంతం. యెరూషలేము మందిరం పాడుబడి ఉంటే బాగుచేయిస్తున్నాడు. ద్వారపాలకులు జనం దగ్గర పోగుచేసిన డబ్బు వడ్రంగులకు, తాపీపనివాళ్లకు, మానుకు, రాళ్లకు వెళ్తోంది. వాళ్లు నమ్మకస్తులు కాబట్టి లెక్క కూడా అడగలేదని రాసి ఉంది. (ఈ వచనాన్ని మన చర్చి కట్టడం కమిటీలకు చూపించకండి.) ఆ పనుల మధ్యలో ప్రధాన యాజకుడు హిల్కీయా, రాజుగారి రాతపని చూసే శాస్త్రి షాఫానుతో ధర్మశాస్త్ర గ్రంథం నాకు దొరికింది అంటాడు.

ఎక్కడ దొరికింది? ఏ కొండగుహలోనో కాదు, మందిరంలోనే. యోషీయా తాత మనష్షే యాభై అయిదేళ్లు ఏలాడు, ఆ మందిరం ఆవరణల్లోనే ఆకాశ నక్షత్రాలకు బలిపీఠాలు కట్టించాడు. తండ్రి ఆమోను రెండేళ్లు. అన్నేళ్లూ మందిరానికి తాళం పడలేదు. యాజకులున్నారు, ద్వారపాలకులున్నారు, కానుకలొస్తున్నాయి. పుస్తకం ఒక్కటే అడ్రస్ లేదు. నాలుగు బైబిళ్లున్న ఇల్లు అన్నావు చూడు, అక్కడ నాకు మనష్షే కాలం గుర్తొచ్చింది. కోపం తెచ్చుకోకు, మా ఇంట్లో ఆరున్నాయి.

తరవాత షాఫాను రాజు దగ్గరికి వెళ్లి ముందు ఏం చెప్పాడో గమనించు. డబ్బు సంగతి. మందిరంలో దొరికిన రొక్కం పనివాళ్లకు అప్పగించామని లెక్క అప్పజెప్పి, ఆ తరవాత, యాజకుడు హిల్కీయా నాకొక పుస్తకం ఇచ్చాడంటాడు. ఆఫీసులో ఫైళ్లన్నీ చెప్పి చివర్లో "అన్నట్టు సార్, ఇదొకటి వచ్చింది" అన్నట్టు. మీ అటక మీద కూడా ముందు ఇత్తడి బిందెలే కదా చేతికొచ్చాయి!

షాఫాను చదివాడు, రాజు విన్నాడు. విని బట్టలు చింపుకున్నాడు. ఆ పుస్తకం ద్వితీయోపదేశకాండమో, దానిలో ముఖ్యభాగమో అయివుంటుందని 1805లో డి వెట్టె అనే జర్మన్ పండితుడు వాదించిన దగ్గర్నుంచి ఎక్కువమంది ఒప్పుకున్న మాట. 28వ అధ్యాయం ఒకసారి బయటికి చదివి చూడు. మాట తప్పితే ఏమవుతుందో వరసగా శాపాలు. అతని ఏడుపు ఆ దెబ్బకు వచ్చింది. నీకొచ్చింది నాయనమ్మ మీద ప్రేమతో. అది మంచి ఏడుపే, తప్పేం లేదు, కాకపోతే అది చీర ముక్కను చూసి వచ్చింది. పుస్తకం ఇంకా నోరు తెరవలేదు.

ఇక్కడ రాజు చేసిన పనే నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. తనకు తోచిన అర్థం చెప్పేసుకోలేదు. హిల్కీయాతో సహా అయిదుగురు పెద్దమనుషుల్ని అర్థం కనుక్కురమ్మని పంపాడు. యిర్మీయా ప్రవక్త అప్పటికే అయిదేళ్లుగా ప్రవచిస్తున్నాడు. అయినా వాళ్లు వెళ్లింది హుల్దా అనే ప్రవక్త్రి ఇంటికి. వస్త్రశాల చూసుకునే షల్లూము భార్య. ఆవిడ తియ్యటి మాట ఒక్కటీ చెప్పలేదు. రావలసిన కీడు వస్తుంది, నీ మనసు మెత్తబడింది కాబట్టి అది నీ కళ్లతో చూడవు, అంతే. శిక్ష రద్దయిందని అనలేదు. అది తెలిసి కూడా యోషీయా చిన్నాపెద్దా అందరినీ మందిరానికి పిలిపించి, పుస్తకమంతా వాళ్లు వినేలా చదివి, స్తంభం దగ్గర నిలబడి, దాని ప్రకారం నడుచుకుంటామని దేవుడితో నిబంధన చేశాడు. ఫలితం దక్కుతుందన్న ఆశతో కాదు, వినబడింది కాబట్టి చేశాడు. నువ్వడిగే ఉజ్జీవం ఇదేనా, లేక గుండెలో వెచ్చగా ఉండటమా? వెచ్చదనం నాక్కూడా చాలా ఏళ్లు రాలేదు.

నాకేం వచ్చిందో చెప్తాను. 1998లో మా డాబా మీద పిట్టగోడ కట్టిస్తున్నాం. అప్పటికి నేను ఇరవై ఏళ్లుగా సండే స్కూలు చెప్తున్నాను, ద్వితీయోపదేశకాండం మాత్రం వరసగా చదివిన పాపాన పోలేదు. పాఠాల పుస్తకంలో ఇచ్చిన వచనాలు తీసి చెప్పేదాన్ని. ఆ నెల ఎందుకో పట్టుబట్టి చదువుతున్నా. 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించు, ఎవరైనా పడిపోతే ఆ దోషం నీ ఇంటి మీద ఉంటుంది అని ఉంది. ఎంత మురిసిపోయానో! దేవుడు మా పిట్టగోడ కూడా పట్టించుకున్నాడని మావారికి చదివి వినిపించాను. రెండు అధ్యాయాల తరవాత కూలి సంగతి వచ్చింది. ఏనాటి కూలి ఆనాడే ఇవ్వాలి, పొద్దు గూకకముందే ఇవ్వాలి, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు.

ఆ రోజు మధ్యాహ్నం తట్ట మోసే ఆవిడ సిమెంటు బస్తా మీద పట్టా కప్పలేదు. వాన పడి బస్తా గడ్డకట్టింది. ఆమె కూలి నలభై అయిదు రూపాయలు నేను ఆపేశాను. మేస్త్రికి కూడా అదే చెప్పాను, బుద్ధి రావాలి అని. చదివేసరికి రాత్రి ఏడున్నర, పొద్దు ఎప్పుడో గూకింది. మావారు "రేపు ఇద్దువులే" అన్నారు. టార్చిలైటు తీసుకుని కాలవ అవతలికి వెళ్లాను. ఆవిడ పొయ్యి వెలిగించకుండా అరుగు మీద కూర్చుని ఉంది. డబ్బు అందుకుని "రేపిచ్చినా సరిపోను గదమ్మగారూ" అంటూనే, పిల్లాణ్ణి పిలిచి చేతిలో నోటు పెట్టి బియ్యం తెమ్మని కొట్టుకు పరిగెత్తించింది. "తలుపేసేస్తాడు, గబగబా పో" అని వాడి వెనకాల అరిచింది.

ఆ అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. అంతకుముందు ఇరవై ఏళ్లు చదివింది గుర్తులేదు.

కాబట్టి నా సలహా, లేవీయకాండాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. దాని రోజు దానికొస్తుంది. ద్వితీయోపదేశకాండం తీయి, ముప్ఫై నాలుగు అధ్యాయాలు, రాత్రికొకటి. నువ్వు చదవొద్దు, మీ ఆయన చేతనో పిల్లల చేతనో బయటికి చదివించి నువ్వు విను. అర్థం కానిది ఎవరిని అడగాలో చూసుకో, స్టేజీ మీద మైకు పట్టుకున్న వాళ్లనే అడగక్కర్లేదు. నీ మొహమ్మీద నిజం చెప్పే ముసలమ్మ మీ వీధిలో ఒకరైనా ఉంటారు. ఇంకో మాట. నాయనమ్మ వేసిన తేదీలు ఒక కాగితం మీద రాసుకుని, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో మీ నాన్నగారిని అడుగు. మా అత్తగారి బైబిల్లో 1977 నవంబరు 20 అని ఒక కీర్తన పక్కన ఉంది. దివిసీమ ఉప్పెన మర్నాడు. ఆవిడ ఏ మాటలు పట్టుకుని ఆ రోజు గడిపిందో ఆ పెన్సిల్ గీత చెప్పింది, ఆవిడ నోటితో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ప్రశ్న: రెండవ రాజుల్లో పుస్తకం దొరికాక యోషీయా విగ్రహాలు తీసేయించినట్టు ఉంది. రెండవ దినవృత్తాంతాల్లో ముందే తీసేయించి, తరవాత పుస్తకం దొరికినట్టు ఉంది. ఏది నిజం? (డిగ్రీ విద్యార్థి, కాకినాడ)

జవాబు: బాగా పట్టుకున్నావు బాబూ. దినవృత్తాంతాల్లో లెక్క ఇలా ఉంది. పదహారో ఏట దేవుణ్ణి వెతకడం మొదలుపెట్టాడు, ఇరవయ్యో ఏట శుద్ధి మొదలుపెట్టాడు, ఇరవై ఆరో ఏట పుస్తకం దొరికింది. రాజుల గ్రంథం అంతా ఆ ఒక్క ఏడాది కిందే సర్దింది. పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకైతే దినవృత్తాంతాల వరస మనిషి స్వభావానికి దగ్గరగా అనిపిస్తుంది. పదేళ్లుగా వెతుకుతున్నవాడు కాబట్టే వినగానే బట్టలు చింపుకున్నాడు. ఏమీ వెతకని వాడికి అదే పుస్తకం వినిపించినా, బాగుందయ్యా, షెల్ఫులో పెట్టు అనేవాడు. ఇది నా అభిప్రాయం, పరీక్షలో రాయకు.

చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఇంకోటి చెప్తాను. యెరూషలేములో దావీదు పట్టణం తవ్వకాల్లో 1982లో మట్టి ముద్రలు యాభైకి పైగా దొరికాయి. పత్రాలు చుట్టి తాడు కట్టి, మీద బంకమట్టి అంటించి వేసే ముద్రలవి. బబులోనువాళ్లు పట్టణం తగలబెట్టినప్పుడు పత్రాలు బూడిదయ్యాయి, మట్టి మాత్రం మంటకు కాలి ఇటుకలాగా గట్టిపడి మిగిలింది. వాటిలో ఒకదాని మీద షాఫాను కుమారుడు గెమర్యా అని పేరుంది. వేలి గోరంత మట్టి! మన శాస్త్రిగారి అబ్బాయేనని చాలామంది పండితుల అభిప్రాయం.

ప్రశ్న: ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మాకు వాగ్దానం కార్డు ఇస్తారు. ఈసారి నాకు యిర్మీయా 29:11 వచ్చింది, సమాధానకరమైన ఉద్దేశాలే అన్న వచనం. మా ఆయన వ్యాపారం ఈ ఏడు పూర్తిగా దెబ్బతింది. అప్పులవాళ్లు ఇంటికొస్తున్నారు, టెన్షన్‌తో నిద్ర లేదు. కార్డు పూజగదిలో లాగా ఫ్రిజ్ మీద పెట్టుకున్నాను. వాగ్దానం ఎందుకు నెరవేరలేదు? (ఒక సోదరి, ఖమ్మం)

జవాబు: అమ్మా, ముందు నీ కష్టానికి బాధగా ఉంది. అప్పుల సంగతి మీ సంఘపెద్దల్లో నమ్మకమైన వాళ్లకి చెప్పండి, దాచుకోవద్దు. వడ్డీ లెక్క కాగితం మీద పెట్టి మాట్లాడగలిగిన మనిషి ఒకరు మీ పక్కన ఉండాలి.

ఇక కార్డు సంగతి. నాకు కార్డుల మీద పెద్ద గౌరవం లేదు, సంపాదకులు కోప్పడినా సరే. వచనం తప్పు కాదు. పైన ఒక వచనం, కింద రెండు వచనాలు కత్తిరించి ఇవ్వడం తప్పు. 29వ అధ్యాయం మొత్తం ఒక ఉత్తరం. బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన వాళ్లకి యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపాడు. ఆ ఉత్తరం పట్టుకెళ్లిన ఇద్దరిలో ఒకడు ఎవరనుకున్నావు? షాఫాను కొడుకు. రాజుకి పుస్తకం చదివి వినిపించిన ఆ ఇంటి నుంచే నీ కార్డు మీది మాట బయల్దేరింది.

ఉత్తరంలో 10వ వచనం చూడు, డెబ్బై ఏళ్లు గడిచాక అని ఉంది. అది కార్డు మీద వేయరు. డెబ్బై ఏళ్లంటే విన్నవాళ్లలో చాలామంది తిరిగొచ్చేది లేదు. మరి వాళ్లకేం చెప్పాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, మీరున్న ఆ పరాయి పట్నం బాగుండాలని ప్రార్థన చెయ్యండి అన్నాడు. అప్పట్లో కొందరు ప్రవక్తలు తొందరలోనే అంతా సర్దుకుంటుందని చెప్పారు, జనానికి వాళ్లే నచ్చారు. ఈ డిసెంబరు 31కి సర్దుకుంటుందని యిర్మీయా చెప్పలేదమ్మా, నేను కూడా చెప్పలేను. ఫ్రిజ్ మీద కార్డు తీసేయక్కర్లేదు. పక్కనే 5వ వచనం నీ చేత్తో రాసి అంటించు.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. కోవిడ్ టైములో నాకు వాక్యం మీద మళ్లీ ఆసక్తి పుట్టింది. ఫోన్లో రోజూ తెలుగు బైబిలు వింటున్నాను. మా అబ్బాయికి పదిహేడేళ్లు. తెలుగు చదవలేడు, వినమంటే చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాడు. నా విశ్వాసం వాడికెలా అందించాలి?

జవాబు: తమ్ముడూ, యోషీయా కూడా అందించలేకపోయాడు. అతను మెగిద్దో దగ్గర ఐగుప్తు రాజు ఫరో నెకో చేతిలో చనిపోయేనాటికి ముప్ఫై తొమ్మిదేళ్లు. కొడుకు యెహోయాకీము రాజయ్యాక యిర్మీయా మాటలు రాసిన చుట్టను అతని ముందు చదివారు. చలికాలం, ఎదురుగా కుంపటి. మూడు నాలుగు వరసలు చదవగానే లేఖకుడి చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు, మొత్తం అయ్యేదాకా. రాజు గానీ, అతని సేవకులు గానీ బట్టలు చింపుకోలేదని యిర్మీయా 36లో ప్రత్యేకంగా రాసి ఉంది. తండ్రి చేసింది తెలిసినవాడు రాసిన వాక్యం అది. కాల్చొద్దని బతిమాలిన ముగ్గురిలో గెమర్యా ఒకడు, ఇందాక మట్టిముద్ర మీద చెప్పానే, ఆ షాఫాను కొడుకే. తరవాత యిర్మీయా మళ్లీ చెప్పాడు, అతని లేఖకుడు బారూకు మళ్లీ రాశాడు, ఈసారి ఇంకా ఎక్కువ మాటలతో.

పదిహేడేళ్ల వాడు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాకు పట్టుకున్నట్టు కాదులే. భాష సంగతికి దిగులు పడకు. నెహెమ్యా 8లో ఎజ్రా అనే శాస్త్రి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదువుతుంటే, మందిరసేవ చేసే లేవీయులు జనానికి అర్థం విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చెర నుంచి తిరిగొచ్చిన ఇళ్లలో చాలామంది నోట అరామిక్ నలుగుతోంది మరి. మన తెలుగులోనే చూడు, షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 18వ శతాబ్దంలోనే అనువాదం చేసినా అది అచ్చు మొహం చూడలేదు. 1812లో గానీ మొదటి మూడు సువార్తలు తెలుగులో అచ్చు కాలేదు. వాడు ఇంగ్లీషులో చదివితే దేవుడికి అర్థం కాకుండా పోతుందా? వారానికొక రాత్రి వాడి చేత ఇంగ్లీషులో చదివించు, అదే భాగం నువ్వు తెలుగులో చదువు. ఫోను పెట్టి వినిపించకు, నువ్వు చదువు. తప్పులు పోతే పోనీ, వాడు నవ్వితే నవ్వనీ. చదివింది నీకెక్కడ గుచ్చుకుందో చెప్పు. వాడికెక్కడ గుచ్చుకోవాలో మాత్రం చెప్పకు.

ప్రశ్న: చిరిగిపోయిన పాత బైబిలు ఏం చెయ్యాలి? కాల్చొచ్చా? నీళ్లలో వెయ్యాలా? (నెల్లూరు)

జవాబు: దీనికి మనకు రూలేం లేదు. యూదులు దేవుని పేరున్న కాగితం పారేయరు, ఒక గదిలో పోగేసి తరవాత పాతిపెడతారు. కైరోలో ఒక సమాజమందిరంలో అలా పోగేసిన గదిని 1890ల్లో పండితులు తెరిస్తే వందల ఏళ్ల కాగితాలు లక్షల ముక్కలు బయటపడ్డాయి. లేఖనాలతో పాటు పెళ్లి ఒప్పందాలు, కొట్టు పద్దులు, పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు కూడా.

మీరు మాత్రం పాతిపెట్టేముందు బైండింగు షాపులో ఒకసారి చూపించండి. చాలా వాటికి అట్ట, కుట్టు మారిస్తే సరిపోతుంది. ఇచ్చేటప్పుడు అంచులు కత్తిరించొద్దని గట్టిగా చెప్పండి. మా అత్తగారిది నేను చెప్పకుండా ఇచ్చాను. సాపుగా, తళతళలాడుతూ తిరిగొచ్చింది. ఆ 1977 తేదీలో నెల, తారీఖు సగం మిషను కింద పోయాయి.